థర్మోస్టాట్ మీద మూడు గాట్లు

బస్సు డిపో వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన ఆయన్ని వీధిలో అందరూ ఇప్పటికీ ఫోర్‌మన్‌గారనే పిలుస్తారు. రిటైరయ్యాక ఆయన చేతికి మిగిలిన బండి ఒక్కటే, పదిహేడేళ్ళ పాత చిన్న కారు. దాని మీద పరాయివాడి చెయ్యి పడనివ్వలేదు. ఆయిల్ మార్చినా, బ్రేకులు సరిచేసినా, ఇంటి ముందు రేకుల షెడ్డు కిందే, తన పానాలతోనే.

ఒక శుక్రవారం మనవరాలిని స్కూలు నుంచి తీసుకొస్తుంటే డాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా ఎగబాకింది. ఆయన కంగారుపడలేదు. ఇల్లు చేరి, ఇంజను ఆపి, బోనెట్ ఎత్తి పైపులు తడిమి చూశాడు. ఇంజను వైపు పైపు కాలిపోతోంది, రేడియేటరు వైపు చల్లగా ఉంది.

"థర్మోస్టాట్ పోయింది," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ భార్యతో.

"అంటే?"

"అరచేతిలో పట్టేంత తలుపే అది. ఇంజను వేడెక్కితే తెరుచుకుని నీళ్ళని రేడియేటర్లోకి వదలాలి. ఇది మూసుకుని మొండికేసింది."

"పోనీ మెకానిక్కి ఇవ్వకూడదూ?"

"నేనెవర్ని మరి, ఇంతకాలం డిపోలో టిక్కెట్లు చింపానా?"

ఆదివారం పొద్దున కొత్తది బిగించాడు. ఇంజను చల్లగా ఉండగానే ఇంజనును చల్లబరిచే కూలెంటు నీళ్ళను ప్లాస్టిక్ టబ్బులోకి దింపాడు. క్లిప్పు వదులు చేసి పైపు లాగాడు. రెండు బోల్టులు విప్పి, మూత తీసి, తుప్పు రంగు తిరిగిన పాత థర్మోస్టాట్ బిళ్ళని బయటికి తీశాడు. అంటుకుపోయిన పాత ప్యాకింగుని బ్లేడుతో ఓపిగ్గా గీకాడు. కొత్తదాన్ని బిగించేముందు రెంటినీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

"ఆ గిన్నె ముట్టుకోకండి, అది పాలగిన్నె!" అంది భార్య.

అప్పటికే రెండూ పాలగిన్నెలో పడ్డాయి. నీళ్ళు మరిగేసరికి కొత్తది నెమ్మదిగా నోరు తెరిచింది. పాతది మూసిన నోరు మూసినట్టే ఉంది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. "చూశావా? రోగం దొరికింది."

మధ్యాహ్నానికి పని పూర్తయింది. ముల్లు సగం దగ్గర బుద్ధిగా నిలబడింది. పాతదాన్ని షెడ్డులో ఉన్న తుక్కు డబ్బాలో పడేసి, వీధి చివరిదాకా రెండుసార్లు తిరిగొచ్చాడు.

మేడ మీద వాటాలో ఆయన కూతురు, అల్లుడు, ఆరేళ్ళ మనవరాలు ఉంటారు. కూతురు పాలిటెక్నిక్‌లో ల్యాబు చూసుకుంటుంది. ఇంట్లో ఆమెను బుజ్జి అంటారు. పదేళ్ళ వయసు నుంచి ఆయన పక్కన కూచుని పానాల నంబర్లు నేర్చుకున్న పిల్ల. అల్లుడు మంచివాడే, కాకపోతే స్క్రూడ్రైవరు ఏ కొసన పట్టుకోవాలో అడిగి తెలుసుకునే రకం.

"అయిపోయిందా నాన్నా?" అని మెట్ల మీంచి అడిగింది బుజ్జి.

"అయిపోయింది. ఇంక పదేళ్ళు దీని మొహం చూడక్కర్లేదు."

సోమవారం భార్య ఆయన్ని బజారుకు రమ్మంది. ఎన్నో ఏళ్ళుగా బజారుకు ఒంటరిగానే వెళ్ళొస్తున్న మనిషి ఆమె. కారు తీస్తానంటే వద్దంది, ఆపడానికి చోటు దొరకదంది. ఇద్దరూ బస్సులో వెళ్ళారు. ఆమె దుప్పట్లు బేరమాడింది, కొనలేదు. గొడుగులు చూసింది, కొనలేదు. జనంలో నడుస్తూ ఆయన మోచెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తల్లో పట్టుకున్నట్టు. ఆయనకు లోపల్లోపల హాయిగా అనిపించింది. ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది.

బుధవారం కారు తీశాడు. రెండు వీధులు దాటేసరికి ముల్లు మళ్ళీ ఎర్రగీత మీద ఉంది.

మర్నాడు మళ్ళీ విప్పాడు. బయటికి తీసిన బిళ్ళని మళ్ళీ పాలగిన్నెలో ఉడకబెట్టాడు. ఎంతసేపటికీ తెరుచుకోలేదు. దాన్ని గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టుకుని, విడిభాగాల దుకాణానికి వెళ్ళి కౌంటరు మీద పెట్టాడు.

"కొత్త సరుకని చెత్త అంటగట్టావయ్యా."

దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహం వంక చూశాడు. "ఫోర్‌మన్‌గారూ, ఇది నేనిచ్చింది కాదండీ. చుట్టూ ఎలా గారపట్టిందో చూడండి. నాలుగు రోజుల్లో ఇంత గార పడుతుందా? ఇది మీ పాతదే."

కౌంటరు దగ్గర ఇంకో ఇద్దరు మెకానిక్కులున్నారు. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఒకడు పక్కకు తిరిగి దగ్గాడు. ఆ దగ్గు దేనికో ఆయనకు అర్థమైంది.

"తీసిందే మళ్ళీ పెట్టేసినట్టున్నారు," అన్నాడు దుకాణదారు మెల్లగా. "ఒక్కోసారి అవుతుందిలెండి."

ఇంటికొచ్చి తుక్కు డబ్బా బోర్లించాడు. కొత్త బిళ్ళ అందులో లేదు. షెడ్డంతా వెతికాడు, చెత్తబుట్ట వెతికాడు, లేదు. కాగితంలోని పాతదాన్ని మళ్ళీ ఆ డబ్బాలోనే పడేశాడు. మరిగే నీళ్ళలో కొత్తది నోరు తెరవడం తన కళ్ళతో చూశాడు. తర్వాత చేతిలోకి ఏది తీసుకున్నాడు? ఎంత తలుచుకున్నా కొత్తదే తీసుకున్నట్టు గుర్తు. కానీ కారులోంచి బయటపడింది పాతది. అయితే ఆ గుర్తే తప్పన్నమాట.

"పొరపాటయి ఉంటుందండీ," అంది భార్య, గిన్నె తోముతూ, తల ఎత్తకుండా. "వయసు రావట్లేదూ. ఇంక ఆ కారు మానేయకూడదూ?"

ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. వందల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు. నట్టు ఒక్కటి మిగిలిందని ఏనాడూ మాట పడలేదు. ఆయన పెద్దన్నయ్య చివరి రోజుల్లో చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికేవాడు. ఆ సంగతి గుర్తొచ్చింది.

సోమవారం, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, రెండు స్టాపుల అవతలున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. విషయం చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాడు. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది: నిచ్చెన, బొగ్గు, పావురం. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంది. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంది. ఆయన రెండు దాకా వచ్చి ఆగి, "ఇంకా కిందికి పోవాలంటే అప్పు చెయ్యాలమ్మా," అన్నాడు. ఆమె నవ్వి మూడు మాటలూ అడిగింది. చెప్పాడు.

"మీ బుర్ర నాదానికన్నా బాగుంది," అందామె. "నాకు మీ కళ్ళ మీద అనుమానం. తలుపు పక్కనున్న కుర్చీని గుద్దుకుని లోపలికొచ్చారు, గమనించారా? కళ్ళ డాక్టరుకి చూపించండి." చీటీ రాసిచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. బుర్ర బాగుందన్న మాటే విన్నాడు, మిగతాది వినపడనట్టే ఉండిపోయాడు.

దారిలో ఇంకో థర్మోస్టాట్ కొన్నాడు. ఇంటికొచ్చి ఆకురాయితో దాని అంచు మీద మూడు చిన్న గాట్లు పెట్టాడు, బొటనవేలికి తగిలేలా. ఎవరి మీదా అనుమానంతో కాదు. తన మీద తనకే నమ్మకం సడలి, తనను తను కాపలా కాసుకోవడానికి.

ఆదివారం బిగించేముందు బుజ్జిని కిందికి పిలిచాడు.

"టార్చి పట్టుకో. నేను పెడుతున్నది కొత్తదేనా, పాతదా? నీ నోటితో చెప్పు."

"కొత్తదే నాన్నా." ఆమె గొంతు ఏదోలా ఉంది. ఆయన దాన్ని జాలి అనుకున్నాడు.

"స్ప్రింగు ఇంజను వైపే ఉందా?"

"ఉంది నాన్నా."

"సరే. ఈసారి కూడా వేడెక్కిందంటే నా పని అయిపోయినట్టే. కారు అమ్మేస్తా. ఆ దేవుడే వచ్చి కూచున్నా మళ్ళీ స్టీరింగు పట్టను."

టార్చి వెలుగు కాస్త వణికింది. "సరిగ్గా పట్టుకోవే," అన్నాడాయన.

సోమవారం భార్యకు కళ్ళజోడు ఫ్రేము మార్పించుకోవాలనిపించింది. తోడు రమ్మంది. బస్సులో వెళ్ళారు, బస్సులో వచ్చారు. మోచెయ్యి పట్టుకుంది.

మంగళవారం ముల్లు ఎర్రగీత తాకింది.

ఆయన కారును నీడలో ఆపి, ఇంజను చల్లారేదాకా అందులోనే కూచున్నాడు. అమ్మేయాలన్న మాట మీద నిలబడాలని నిజంగానే అనుకున్నాడు. కానీ ఏ రోగమో తెలుసుకోకుండా ఏ బండినీ వదిలిపెట్టిన మనిషి కాదు. ఇంటికి చేర్చి, షెడ్డులో పెట్టి, చివరిసారి విప్పుదామని కూచున్నాడు.

బిళ్ళ చేతిలోకి రాగానే బొటనవేలు అంచు చుట్టూ తిప్పాడు. నున్నగా ఉంది. మళ్ళీ తిప్పాడు. గాట్లు లేవు. గార ఉంది.

మొదట ఆయనకు కలిగింది సంతోషం. తన బుర్ర పోలేదు. చేతులు పోలేదు. ఎవరో తీశారు, ఎవరో పెట్టారు. ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

ఎవరు?

విప్పిన భాగాలను గోనెసంచి మీద వరసగా పరిచి చూశాడు. ప్యాకింగుకు ఒకవైపే, వేలితో పలచగా, గ్రీజు రాసి ఉంది. పాత ముక్క ఒక్క పోగు కూడా మిగలకుండా గీకి ఉంది. పైపు క్లిప్పు స్క్రూ పైకి తిరిగి ఉంది, తర్వాత విప్పేవాడి చేతికి అందేలా. "బిగించేటప్పుడు విప్పేవాడి గురించి ఆలోచించాలి" అని ఆయన డిపోలో చెప్పని కుర్రాడు లేడు. ఎవడూ వినలేదు. విన్నది ఒక్కర్తే.

దొంగ ఇంత శుభ్రంగా పనిచెయ్యడు. ఇది తను నేర్పిన పని. తప్పు పట్టడానికి వెంట్రుకవాసి చోటు లేని పని.

అప్పుడు దుప్పట్లు గుర్తొచ్చాయి. కొనని గొడుగులు గుర్తొచ్చాయి. కళ్ళజోడు ఫ్రేము. తన మోచేతి మీద ఆమె చెయ్యి. ఆయన ఆ మోచేతిని రెండో చేత్తో తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో ఆయనకే తెలియదు.

సాయంత్రం బుజ్జి కాలేజీ నుంచి వచ్చేసరికి కింది గదిలో బల్ల మీద ఆ పాత బిళ్ళ ఉంది. ఆయన కుర్చీలో కూచుని ఉన్నాడు. చేతులు కడుక్కోలేదు.

"గాట్లున్నది ఎక్కడుంది?" అన్నాడు.

ఆమె బుకాయించలేదు. బ్యాగు కింద పెట్టి, గోడకు ఆనుకుంది. "పైన. రెండూ ఉన్నాయి."

"ఎందుకు?"

"నాన్నా..."

"నేనే చెయ్యమన్నాను," అంది భార్య వంటింటి గుమ్మంలోంచి. "దాన్నేమీ అనకండి."

"నీ దగ్గరికి తర్వాత వస్తా," అన్నాడాయన ఆమె వంక చూడకుండా. "నువ్వు చెప్పవే."

బుజ్జి చెప్పింది. ఆ శుక్రవారం, పాపని స్కూలు నుంచి తెస్తూ ఆయన ఎర్రలైటు దాటేశాడు. పక్కనుంచి వస్తున్న సైకిలాయన కాలవలోకి పడబోయి ఆగాడు. పాప ఇంటికొచ్చాక రెండు రోజులు నోరు విప్పలేదు, తర్వాత చెప్పింది.

"అప్పుడు ముల్లు పైకి పోతోంది. దాన్ని చూస్తున్నా..."

"ముల్లు వల్ల కాదు నాన్నా. పాప 'తాతయ్యా ఎర్రలైటు' అని అరిచిందట. నువ్వు 'ఎక్కడే?' అన్నావట."

ఆయనకు గుర్తుంది. ఎక్కడే అన్నాడు. పిల్ల ఆటలాడుతోందనుకున్నాడు. ఆ రోడ్డు మీద ఆయనకు ఏ లైటూ కనబడలేదు, ఏ సైకిలూ కనబడలేదు.

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే వినేవాడివా? పోయినేడు కళ్ళు చూపించుకోమంటే నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు. తాళంచెవి దాచేస్తే కొత్తది చేయించుకుంటావు. నిన్ను ఆపగలిగేది కారొక్కటే అనిపించింది. ముల్లు పైకెళ్తే నువ్వు ఆపేస్తావు. ఇంజనుని మాడనివ్వవు. అది నాకు తెలుసు."

"వినేవాణ్ణి కాదు," అన్నాడాయన. "పోట్లాడేవాణ్ణి. అరిచేవాణ్ణి. మీ ఇద్దరి మీదా కంచాలు విసిరేవాణ్ణేమో. ఆ పోట్లాట నాకు దక్కాల్సింది. మీరు నాకేమిచ్చారు? వెర్రివాణ్ణన్న పేరు. నా దగ్గర పానా పట్టుకోవడం నేర్చుకున్నవాడు నా ముందు దగ్గి నవ్వు దాచుకున్నాడు. డాక్టరు దగ్గరికి పోయి గడియారం బొమ్మ గీసొచ్చాను, తెలుసా? నా బుర్ర చెడిపోయిందని!"

ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. బుజ్జి మొహం తెల్లబోయింది.

"టార్చి పట్టుకున్నావే," అన్నాడాయన. "కొత్తదేనా అని అడిగాను. నా మీద నాకు నమ్మకం లేక నీ కళ్ళను అరువు అడిగాను. కొత్తదే నాన్నా అన్నావు."

"అది నిజమే కదా నాన్నా, అప్పటికి..."

"నిజమే. మర్నాడు తీసేశావు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను?"

బుజ్జి ఏడ్చింది. ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. వంటింటి గుమ్మం దగ్గర భార్య పక్కకు తప్పుకుంది.

"మీరు ఎవరినైనా చంపేస్తారని భయపడ్డాను," అందామె. "పాప అందులో ఉండగా."

"ఆ భయం తప్పు కాదు," అన్నాడాయన. "బజారులో చెయ్యి పట్టుకున్నావు చూడు. అది లేకుండా ఉండాల్సింది."

మర్నాడు మూడు గాట్లున్న బిళ్ళని తనే బిగించాడు. బుజ్జి సాయం చేస్తానని వస్తే అక్కర్లేదన్నాడు. కూలెంటు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను తిప్పి, ముల్లు సగం దగ్గర నిలబడటం చూసి, ఆపేశాడు. షెడ్డులోంచి కారు అంగుళం కదపలేదు. కారు తాళంచెవి తీసుకెళ్ళి మేడ మెట్ల మీద పెట్టి, జేబులో చీటీతో బస్సెక్కి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

కళ్ళ డాక్టరు యంత్రంలోకి తల పెట్టించి, వెలుగు చుక్కలు కనబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నాడు. ఆయన ఎదురుగా వచ్చిన చుక్కలన్నిటికీ నొక్కాడు. పైనా పక్కలా వచ్చినవి రాలేదనే అనుకున్నాడు. కంటిలో ఒత్తిడి పెరిగి, చుట్టుపక్కలవి కనబడే చూపుని ఎప్పుడో తినేసిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. "బండి నడుపుతున్నారా?" అని అడిగాడు.

"మానేశాను," అన్నాడాయన.

ఎన్నాళ్ళయిందని డాక్టరు అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇంటికొచ్చి ఫలితం ఇద్దరికీ ఒకేసారి, నిలబడే చెప్పాడు. వాళ్ళు అనుమానించింది నిజమేనని, సైకిలు మనిషిని దేవుడే కాపాడాడని, ఇకమీదట పాపని తీసుకురావడానికి తను వెళ్ళనని చెప్పాడు. భార్య ఊపిరి పీల్చుకోవడం ఆయనకు వినబడింది. బుజ్జి క్షమించమని అడిగింది. "కళ్ళ విషయంలో నువ్వు చేసింది రైటే," అన్నాడాయన. "మిగతాది నాకింకా అరగలేదు. తొందరపెట్టకు."

ఆ తర్వాత ఇల్లు ఎప్పట్లాగే నడిచింది. పొద్దునే టీ, పేపరు పెద్ద అక్షరాల వరకు, కంట్లో చుక్కలు. చుక్కలు వేసేది భార్యే. ఆయన తల వెనక్కి వాల్చి కన్ను తెరిచి పెడతాడు. బజారుకు మాత్రం ఆమె ఎంత పిలిచినా వెళ్ళడు. కారు బుజ్జి నడుపుతోంది. ఆయన వెనక సీట్లో కూచుంటాడు. గేరు మార్చడం ఆలస్యమైతే ఒకప్పుడు ఊరుకునేవాడు కాదు, ఇప్పుడు కిటికీలోంచి చూస్తుంటాడు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. షెడ్డులో ఆయన పానాల పెట్టెకు ఎన్నడూ తాళం లేదు. ఇల్లంతటికీ, వీధిలో సగానికీ అది ధర్మసత్రం. ఒకరోజు ఆయన దుకాణానికి వెళ్ళి చిన్న ఇత్తడి తాళం కొనుక్కొచ్చి దానికి వేశాడు.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం బుజ్జి మెట్లు దిగి వచ్చింది. పైన కుళాయి కారుతోందంది.

"పన్నెండో నంబరు పానా కావాలి నాన్నా."

ఆయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీశాడు. పెట్టె తెరిచి, వేళ్ళతో తడిమి, పన్నెండుని తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పైకి వెళ్ళింది. ఆయన పెట్టె మూయలేదు, కూచోలేదు. షెడ్డులో అలాగే నిలబడ్డాడు. కాసేపటికి ఆమె దిగొచ్చింది. పానాను గుడ్డతో తుడిచి తెచ్చింది.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది. వాషరు అరిగిపోయింది, మార్చేశాను."

"తోలుదా, రబ్బరుదా?"

"రబ్బరుది."

"ఊఁ. ఆర్నెల్లు వస్తుంది."

ఆమె ఇంకేదో అంటాడేమోనని ఆగింది. ఆయన పానాను దాని గాడిలో పెట్టి, మూత దించి, తాళం వేసి, పట్టిందో లేదో ఒకసారి లాగి చూసి, లోపలికి వెళ్ళాడు.